వెటకారం తీసేసే చెవిపువ్వు

ప్రొఫెసర్ ఓబులేసుగారు అనంతపురం నుంచి కాకినాడ వచ్చిన మొదటిరోజే ఆటో తోశారు. ఆటో పాడవలేదండోయ్. భానుగుడి సెంటర్లో ఎక్కి, "కాలేజీకి ఎంతసేపు పడుతుందప్పా?" అని అడిగారు, అంతే. డ్రైవరు అద్దంలోంచి ఆయన తొందర చూసి, "మామూలుగా అయితే అరగంటండి. తవరు దిగి తోత్తే పది నిమిషాల్లో ఎల్లిపోవచ్చండి, ఆయ్" అన్నాడు. బండిలో ఏదో ఇబ్బంది ఉంది కాబోలనుకున్నారు ఓబులేసుగారు. బ్యాగు సీటు మీద పెట్టి, పంట్లాం మడిచి, దిగి తోశారు. రోడ్డు మీద జనం నవ్వలేక చచ్చారు.

ఈ ఊళ్ళో మాటకి రెండంతస్తులుంటాయని ఆయనకి ఆర్నెల్లకి గాని తెలియలేదు. "తమరు మహానుభావులండి" అంటే తిట్టు. "నీ మొహంలే" అంటే ముద్దు. ఇలాగైతే పైఊరివాడు బతికేదెలా అని ఆయన బాధపడ్డారు. బాధ కలిగినప్పుడు శాస్త్రజ్ఞులు ఏం చేస్తారో ఆయనా అదే చేశారు, ప్రాజెక్టు పెట్టారు. ఇక్కడి పిల్లే అయిన సింధూరని తోడు తీసుకుని, కాలేజీ వెనక ప్రయోగశాలలో మూడేళ్ళు కష్టపడి ఒక యంత్రం తయారుచేశారు. దాని పేరు 'సూటి'. చెవిలో పెట్టుకునేది, పసుప్పచ్చగా, విచ్చీ విచ్చని బీరపువ్వంత ఉంటుంది.

దాన్ని పరీక్షించడానికి సింధూర ఒక ఆదివారం పొద్దున్నే తిన్నగా పెద్దమ్మ హైమవతి వంటింట్లోకి తెచ్చింది.

హైమవతి ముప్పై మూడేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి, ఊరందరి మాటలూ చెవిన వేసుకుని రిటైరయిన మనిషి. ఆ రోజుల్లోనే ట్రంకుకాల్ చీటీల వెనకాల కథలు రాయడం మొదలెట్టింది. చీటీ ఎంతో కథ అంతే. ఆ చీటీలు పోయి, ఆ ఎక్స్ఛేంజే పోయినా ఆవిడ కథ మాత్రం ఒక్క అంగుళం పెరగలేదు. మచ్చుకి ఇదొకటి:

'రోజుకి పదివేల అడుగులు నడవమన్నారు డాక్టరు. లెక్కపెట్టే గడియారాన్ని తాతగారు కుక్క మెడకి కట్టారు. ఆయన పోయిన రోజున కూడా పన్నెండువేలు నడిచినట్టు రికార్డుంది.'

ఇంకొకటి:

'పక్కింటి పెద్దాయన పోయారు. అపార్ట్‌మెంటు గ్రూపులో నూట పన్నెండు మంది దణ్ణాలు పెట్టారు. మొయ్యడానికి నలుగురు కావాలని కొడుకు పెట్టిన మెసేజీకి నూట పన్నెండు నీలం టిక్కులు పడ్డాయి.'

మన శుభాలకి నూటపదహారు లెక్క గనక నూటపదహారు కథలతో పుస్తకం వెయ్యాలని ఆవిడ ముచ్చట. నూట పదిహేను పూర్తయ్యాయి. మూడు వారాల్లో గ్రంథాలయం హాల్లో ఆవిష్కరణ. ప్రూఫులు కూడా వచ్చేశాయి. కాని ఆవిడ మనసులో చిన్న ముల్లుంది, ఆ ముల్లు పేరు పేర్రాజు మాస్టారు.

లెక్కల మాస్టారు పేర్రాజు ఆవిడ మొగుడు. ఊళ్ళో వెటకారానికి ఆయనే హెడ్ ఆఫీసు. పెళ్ళాం మొదటి కథ వారపత్రికలో పడ్డ రోజున, "పాపం, వాళ్ళకి ఆ వారం ప్రకటనలు తగ్గినట్టున్నాయి" అన్నాడు. కుక్క కథ చదివి, "ఇది కుక్కకి చూపించకు, మనసు కష్టపెట్టుకుంటుంది" అన్నాడు. హైమవతి ప్రతిసారీ నవ్వింది. నవ్వి, పక్కకి తిరిగి, నిజంగా బాగుందో లేదో ఒక్కసారి చెప్తే ఈయన సొమ్మేం పోయింది అనుకుంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా అనుకుంటూనే ఉంది.

"మూడు వారాలు పెట్టుకుని చూడు పెద్దమ్మా" అంది సింధూర, బీరపువ్వు ఆవిడ చెవిలో అమర్చుతూ. "పెదనాన్నగారి ముందు నిలబడిందంటే ఇంక దీనికి తిరుగులేదు."

"ఆయన మాటలు ఆయనకే అర్థంకావు. దీనికేం అర్థమవుతాయే?"

"ఇది అర్థం చేసుకోదు పెద్దమ్మా, వింటుంది. వెటకారంగా అనేముందు మన మెదడు అసలు మాటే తయారుచేసుకుంటుంది. ఆ తర్వాతే దానికి వంకర తిప్పుతుంది. ఆ అసలు మాట బయటికి రాదు గాని, గొంతు దాన్ని పలకబోయి ఆగిపోతుంది. ఆ కదలికని ఇది పట్టేస్తుంది."

"మరి తిన్నగా మాట్లాడితే?"

"కిక్కురుమనదు. వంకరుంటేనే టింగుమని మోగి, అసలు మాట చెబుతుంది."

సరిగ్గా అప్పుడే వీధి అరుగు మీంచి పేర్రాజు మాస్టారు కేకేశాడు. "ఏవండోయ్ రచయిత్రిగారూ! కాఫీ గింజలు ఇప్పుడే నాటారా? మొలకెత్తాక కబురంపండి, వస్తాను."

చెవిలో టింగుమంది. ఆ వెంటనే రైల్వేస్టేషన్లో రైళ్ళ వేళలు చదివే అమ్మాయి లాంటి గొంతు చెప్పింది: "కాఫీ కావాలి. ఇక్కడ ఒక్కణ్ణే కూర్చున్నాను. తోచడం లేదు."

హైమవతి చేతిలో వడకట్టు అలాగే ఉండిపోయింది.

"ఏమందీ?" అంది సింధూర ఆత్రంగా.

"కాఫీ అడిగారే" అని చెప్పి, ఆవిడ ఎందుకో రెండు గ్లాసులు పట్టుకుని అరుగు మీదకి వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది.

మాస్టారు ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. "ఆ బీరపువ్వేంటే? నీ చెవిలో పువ్వు పెట్టినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నానే ఇన్నాళ్ళూ!"

టింగ్. "చెవి నొప్పా? నాకు చెప్పలేదేం?"

"నొప్పేం లేదండీ. సింధూర ఇచ్చింది, సరదాకి" అంది హైమవతి. తాను ఏ ప్రశ్నకి జవాబు చెప్పిందో ఆవిడకే నవ్వొచ్చింది.

ఆ వారమంతా ఆవిడ కొత్త పెళ్ళికూతురైపోయింది. "ఈ పెసరట్టు గుమ్మానికి అడ్డం కడితే తలుపక్కర్లేదు" అంటే, "కొంచెం గట్టిగా ఉంది, ఇంకోటి వెయ్యి" అని వినిపించింది. "అలా గుడికి వెళ్ళొస్తారా? దేవుడు తమరి కోసం బెంగెట్టుకుని చిక్కిపోయాట్ట" అంటే, "తొందరగా వచ్చెయ్యి" అని వినిపించింది. గుడికి బయల్దేరిన మనిషి గుమ్మంలోనే ఆగి, ముసిముసిగా నవ్వుకుని వెనక్కొచ్చేసింది. మాస్టారు ఖంగుతిన్నాడు. తన వెటకారం తూటా పేలక తుస్సుమనడం ఆయనకి ఇదే మొదటిసారి.

అయితే ఒక్క సంగతి ఆవిడ గమనించింది. వారం రోజుల్లో ఆయన మాట్లాడినప్పుడు ఆ యంత్రం ఒక్కసారైనా ఊరుకోలేదు. మంచినీళ్ళు అడిగినా టింగే, టైమడిగినా టింగే.

ఊళ్ళో రెండువందల మందికి పంచారు బీరపువ్వులు. మొదట్లో అందరికీ వేడుకే. తర్వాత చూడాలి తమాషా! ఒక పెళ్ళిలో మగపెళ్ళివారి మేనత్త "అబ్బో, మర్యాదలు మా తల మీంచి పోతున్నాయండీ" అంటే, ఆడపెళ్ళివారి చెవుల్లో "కాఫీ చల్లారింది, వేడిది తెండి" అని వినిపించింది. వేడి కాఫీ తెచ్చారు. తగువు పెట్టుకుందామని వచ్చిన మేనత్తకి దారి లేక ఏడుపొచ్చేసింది. మున్సిపాలిటీ మీటింగుకి పెట్టుకెళ్ళినవాళ్ళకి మాత్రం ఏమీ వినపడలేదు. పాడైందేమోనని ప్రయోగశాలకి పట్టుకెళితే సింధూర చెప్పింది: "ఇది వెటకారాన్నే పడుతుందండీ. అబద్ధంలో వంకరుండదు, ఒట్టి అబద్ధమే ఉంటుంది."

రెండోవారంలో హైమవతికి అసలు చిక్కు తెలిసొచ్చింది. నూటపదహారో కథ రావడం లేదు.

రైతుబజార్లో వంకాయ నొక్కి చూస్తుంటే కూరలమ్మి నూకాలు ఏదో అంది. చెవిలో టింగుమని, "నొక్కకండి" అని వినిపించింది. సరేనని హైమవతి చెయ్యి తీసేసింది. నాలుగడుగులు వేశాక ఏదో పోగొట్టుకున్నట్టనిపించి, బీరపువ్వు తీసి సంచిలో వేసుకుని వెనక్కొచ్చింది. "ఇందాక ఏమన్నావే నూకాలూ?"

"ఏవన్నానమ్మా? కొనేవోళ్ళు నొక్కరు, నొక్కేవోళ్ళు కొనరు అన్నాను."

హైమవతికి ప్రాణం లేచొచ్చింది. ఈ రెండు ముక్కల్లో సగం లోకం ఉంది కదా! పెళ్ళిచూపులున్నాయి, ఓట్లున్నాయి, పుస్తకాల షాపుంది. ఇంత మాటని పట్టుకుని ఆ యంత్రం ముష్టి 'నొక్కకండి' చేసేసింది. ఇలాంటివి ఈ రెండు వారాల్లో ఎన్ని పోయాయో! అయినా ఇంటికొచ్చి మళ్ళీ పెట్టుకుంది. ఎందుకంటే ప్రూఫుల కట్ట ఆ పొద్దున్నే మాస్టారి చేతిలో పెట్టి, "మొత్తం చదివి, ఎలా ఉందో చెప్పండి" అంది. దానికాయన, "ఏదీ, నాకు కాస్త ఆవకాయ ముక్క కూడా పెట్టు, నంజుకుంటూ చదువుతాను" అన్నాడు. టింగుమని మోగి యంత్రం చెప్పింది: "ఇవాళే చదువుతాను." తీర్పు వచ్చేటప్పుడు చెవిలో అది ఉండి తీరాలి. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఎదురుచూసిన మాట అది.

సాయంత్రానికి మాస్టారు ఆఖరి పేజీ తిప్పి, కళ్ళజోడు తీసి, గొంతు సవరించుకున్నాడు. హైమవతి స్తంభానికి ఆనుకుని నిలబడింది. ఆయన నోరు విప్పబోతున్నాడు. అప్పుడే గేటు తీసుకుని ప్రొఫెసర్ ఓబులేసుగారు లోపలికొచ్చారు, చేతిలో పేద్ద ఫైలుతో, మొహమంతా నవ్వుతో.

"అమ్మా, మీ చెవిపువ్వు పట్టినవన్నీ మా ల్యాబుకి వచ్చినాయి, ఆ రికార్డులన్నీ వింటిమి. మాస్టారు మనసులో మాటలు ఆరువందల నలభై వచ్చినాయి. మూడువందల పద్దెనిమిది తడవలు 'నా పక్కన కూర్చో' అనే అనినారు. ఎంత మంచి మనిషమ్మా!"

పాపం, ఆయన నిజంగా మెచ్చుకుందామనే వచ్చారు. కడుపులో మాట దాచుకోవడం ఆయనకి చేతకాదు.

పేర్రాజు మాస్టారు ప్రొఫెసర్ని చూశాడు. పెళ్ళాం చెవిలో బీరపువ్వుని చూశాడు. లెక్కల మాస్టారు కదా, రెండూ రెండూ కలుపుకున్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నోరు మూసుకుని, ప్రూఫుల కట్ట బల్ల మీద పెట్టి, లోపలికెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి ఆయన మాట్లాడడం మానేశాడు.

కోపం కాదు. అన్నం తింటాడు, పేపరు చదువుతాడు, బజారుకెళ్ళి ఆవిడకిష్టమైన కాకరకాయలు తెస్తాడు. నోరు మాత్రం విప్పడు. ఏం కావాలన్నా పాత పలకొకటి దులిపి, దాని మీద సుద్దముక్కతో రాస్తాడు. 'మంచినీళ్ళు.' 'ఉప్పు.' 'కరెంటు బిల్లు.' అరుగు ముందు ఆగే జనం ఆగడం మానేశారు. పాలవాడు గుమ్మంలో నిలబడి, "అయ్యగారికి ఒంట్లో బాలేదాండి? నా పాలల్లో చేపపిల్ల కనపడిందని నాలుగ్రోజులై ఒక్క మాటన్లేదండి" అని బెంగపడ్డాడు.

ఇల్లు అన్ని లైన్లూ తెగిపోయిన ఎక్స్ఛేంజిలా అయిపోయింది. ఐదోరోజుకి హైమవతి ఉండబట్టలేకపోయింది. బీరపువ్వు తీసి, ఆయన కళ్ళెదురుగానే పోపులపెట్టెలో ఆవాల అరలో పడేసింది.

"ఇదిగో, తీసేశాను. ఇప్పుడైనా మాట్లాడండి. ఏమన్నా పడతాను. పెసరట్టుని చెప్పుతో పోల్చండి. అంతేగాని ఇలా చంపకండి."

ఆయన పలక తీసుకున్నాడు. సుద్దముక్కతో రాశాడు: 'ముప్పై ఒక్క ఏళ్ళూ నేను వంకర మాట కట్టుకుని తిరిగాను. అది ఊడిపోయిందని తెలిశాక ఊళ్ళోకి ఎలా వెళ్ళమంటావే, బట్టల్లేకుండా?'

హైమవతికి ఏడుపొచ్చింది. తలుపు తట్టి అడగాల్సిన మాట కోసం కిటికీలోంచి తొంగిచూశాను కదా అనిపించింది. "తప్పు నాదేనండీ" అంది. ఆయన ఆ పలక తుడిచి, 'కాకరకాయ వేపుడు బాగుంది' అని రాశాడు. పలక మీద మాటల్లో ఏది వంకరదో, ఏది సూటిదో చెప్పే యంత్రం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

ఆవిష్కరణ రోజు రానే వచ్చింది. నూటపదహారో కథ మాత్రం రాలేదు. ప్రెస్సువాళ్ళు ఆఖరి పేజీ మీద '116' అని అంకె వేసి, కింద ఖాళీ వదిలేశారు. ఆహ్వానపత్రంలో 'వక్త: శ్రీ పేర్రాజు మాస్టారు' అని అచ్చయిపోయింది. అది చూసే జనం విరగబడ్డారు. పెళ్ళాం పుస్తకం మీద మాస్టారు మాట్లాడతాడంటే, అదీ వారం పైగా మౌనవ్రతం పట్టిన తర్వాత, ఇంకేం కావాలి? ముందు వరస కుర్చీల కోసం కొట్టుకున్నారు. ఓబులేసుగారు తప్పుచేసిన పిల్లాడిలా ఓ మూల కూర్చున్నారు. సింధూర ఆయన పక్కనే ఉంది.

మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని మైకు దగ్గరికొచ్చాడు. హాలు హాలంతా నవ్వడానికి సిద్ధంగా ముందుకి వంగింది. ఆయన జేబులో చెయ్యి పెట్టి, కాగితం తీస్తాడనుకుంటే, పసుప్పచ్చ బీరపువ్వు తీశాడు. దానికి ఇంకా రెండు ఆవగింజలు అంటుకునే ఉన్నాయి. వేదిక మీద కూర్చున్న హైమవతి దగ్గరికొచ్చి, ఆవిడ అరచేతిలో పెట్టాడు.

"పెట్టుకో" అన్నాడు. పది రోజుల తర్వాత ఆయన అన్న మొదటి మాట.

ఆవిడ చెవిలో పెట్టుకుంది. ఆయన మైకు దగ్గరికెళ్ళాడు.

"మా ఆవిడ కథలు చాలా బాగుంటాయండి" అన్నాడు.

హాలు గొల్లుమంది. వెనకాల ఎవరో ఈల వేశారు. "మొదలెట్టాడ్రా మాస్టారు!"

హైమవతి చెవిలో టింగుమనలేదు.

"నేను నలభై ఏళ్ళు లెక్కలు చెప్పానండి. ఎంత పెద్ద లెక్కయినా కుదించి కుదించి ఆఖరికి ఒక్క అంకె చెయ్యడం గొప్పనుకునేవాణ్ణి. ఈవిడ మనుషుల్ని అలా కుదించి, చీటీ మీద పెట్టేసింది."

జనం పొట్టలు పట్టుకున్నారు. "అబ్బా, మొహంలో నవ్వన్నది లేకుండా ఎలా అంటున్నాడో చూడండి!" అని ఒకావిడ పక్కావిడ భుజం మీద వాలిపోయింది. బీరపువ్వు పనిచేస్తోందో లేదోనని హైమవతి వేలితో తట్టి చూసింది. చిన్న పచ్చదీపం వెలుగుతూనే ఉందని దూరం నుంచే సింధూర బొటనవేలు ఎత్తి చూపించింది. సింధూర కళ్ళు ఇంతింతయ్యాయి.

"నాకు కుళ్ళుండేదండి" అన్నాడు మాస్టారు. "నేను రోజంతా వాగితే అరుగు మీద నలుగురు నవ్వుతారు. ఈవిడ మూడు వాక్యాలు రాస్తే ఊరు కాని ఊళ్ళో ఎవరో నవ్వుతారు. అందుకే ఒక్కనాడూ బాగుందనలేదు. ఇవాళ అంటున్నాను. బాగుందే హైమా. ఎప్పుడూ బాగానే ఉంది."

హాలు కప్పు ఎగిరిపోయింది. చప్పట్లు, ఈలలు, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వులు. ఆ గోల మధ్యలో హైమవతి చెవిలో మాత్రం నిశ్శబ్దం. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ చెవులు ఎదురుచూసిన మాట ఇంకెవరి గొంతులోనూ పడకుండా, ఆయన బొంగురు గొంతులోనే వచ్చింది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాపం, సిగ్గుతో చచ్చిపోతోందనుకున్నారు జనం.

హాలు మొత్తమ్మీద నవ్వని మనిషి ఇంకొకాయన వేదిక మీంచి హైమవతికి కనబడ్డారు. మూలన కూర్చున్న ఓబులేసుగారు జేబురుమాలు తీసి కళ్ళు తుడుచుకుంటున్నారు. ఆయన చెవిలో ఏ యంత్రమూ లేదు. "ఏంటికి నవ్వుతాండారు వీళ్ళంతా? ఆయప్ప నిజం చెప్తాండాడు కదా!" అని సింధూరని అడిగారు. ఆ రోజు ఆటో ఎలా తోశారో, ఇవాళా అలాగే, చెప్పిన మాట చెప్పినట్టు విన్నారు.

మాస్టారు వచ్చి భార్య పక్క కుర్చీలో కూలబడ్డాడు. చెమటలు పట్టేశాయి. వంగి ఆవిడ చెవి దగ్గర, "విన్నావుగా. ఇంక ఇంకో ముప్పై ఒక్క ఏళ్ళ దాకా అడక్కు. ఒంటికి పడదు నాకు" అన్నాడు.

టింగుమంది. రైల్వేస్టేషన్ అమ్మాయి నోరు తెరిచే లోపలే హైమవతి బీరపువ్వు పీకి మూలనున్న సింధూర వైపు విసిరేసింది. ఆవిడకి ఆ సాయం ఇంక అక్కర్లేదు. పక్కనున్న మంచినీళ్ళ గ్లాసు తీసి ఆయన చేతికిచ్చింది. ఆయన గటగటా తాగేశాడు.

తర్వాత పెన్ను తీసి, తన చేతిలో ఉన్న మొదటి కాపీ ఆఖరి పేజీ తెరిచింది. '116' కింద ఖాళీలో, వేదిక మీదే, ఒళ్ళో పెట్టుకుని రాసింది:

'ఒకాయన సభలో పెళ్ళాం గురించి నిజం చెప్పాడు. ఊరంతా పగలబడి నవ్వింది. పైవూరి పెద్దమనిషి ఒక్కడే ఏడ్చాడు.'

ఆ కాపీ మాస్టారి చేతిలో పెట్టింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివాడు. మళ్ళీ ఇంకోసారి చదివాడు. మూతి వంకర తిరిగింది. పదిరోజులుగా కనబడని ఆ వంకర చూసి హైమవతి గుండె తేలికపడింది.

"మూడు వాక్యాలెందుకే? బొత్తిగా రామాయణం అయిపోయింది" అన్నాడు.

హైమవతి హాలంతా వినపడేలా నవ్వింది. ఏమన్నాడో ఎవర్నీ అడగలేదు.